గవాచిలో ఉచ్చీరప్ప

పొద్దున లేచి ఎవరో ఒకరి ఇంట్లో ఏదో ఒకటి బదులు అడక్కపోతే ఉచ్చీరప్పకు తిన్నది అరగదు. ఆ వస్తువు తన ఇంట్లో ఉన్నా అడుగుతాడు, లేకున్నా అడుగుతాడు. నెత్తిన ఒక్క వెంట్రుక లేని మనిషి భీమమ్మ దగ్గర దువ్వెన అడిగి పట్టుకుపోయాడు. అక్షరం ముక్క రాని మనిషి దేవేంద్రప్ప కళ్ళజోడు తీసుకుని, సాయంత్రం దాకా మెడలో వేలాడేసుకుని తిరిగాడు. మబ్బనేది దారి తప్పి కూడా రాని మాఘమాసంలో బజారి అనే ముసలాయన ఇంటికి పోయి గొడుగు అడిగాడు.

పోనీ తిరిగిస్తాడా అంటే ఇస్తాడు, ఒకరిది ఇంకొకరికి. భీమమ్మ జల్లెడ దేవేంద్రప్ప ఇంట్లో తేలేది. దేవేంద్రప్ప టార్చిలైటు సుంకులమ్మ అటక మీద దొరికేది. సాయంత్రాలు ముసలివాళ్ళంతా ఎవరి వస్తువులు వాళ్ళు వెతుక్కుంటూ ఉచ్చీరప్పను తిట్టుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవారు.

ఆస్పరి పక్కనున్న ఆ పల్లెలో అప్పటికి మిగిలింది ముసలివాళ్ళే. వాన మొహం చాటేసింది, పత్తి చేతికి రాలేదు. కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళంతా మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయారు. ఇలా వలస పోవడాన్ని ఆ పక్క సుగ్గికి పోవడం అంటారు. ఏ తలుపు చూసినా తాళం. తాళం లేని తలుపు వెనక ఒక ముసలి ప్రాణం.

అలాంటి తలుపుల్లో సుంకులమ్మది ఒకటి. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. తినేది ఒక్కతే కావడంతో ముద్ద సంగటి కెలకాలన్నా ఆమెకు విసుగే. ఆ విసుగు చాలదన్నట్టు ఉచ్చీరప్ప పొద్దున్నే తొక్కే మొదటి గడప ఆమెదే. అడిగేది ఉప్పు. "అరుగు మీద పెట్టినా, తీసుకోప్పా" అని లోపలినుంచి చెబితే వినడు. చేతికి ఉప్పిస్తే పోట్లాట వస్తుందని లోకమంతా భయపడుతుంటే, ఈయన చేతికే ఇవ్వమంటాడు. "పోట్లాటొస్తే రానీలే, మాట్లాడేకి మనిషన్నా దొరుకుతాది" అంటాడు. ఆమె గొణుక్కుంటూ లేచి వచ్చి ఇచ్చేది. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, మోకాలి నొప్పి ఎట్లుందని అడిగి వెళ్ళేవాడు.

ఇంకో విశేషం ఉంది. మిగతా ఇళ్ళకు బనియన్ మీద వెళ్ళే మనిషి, సుంకులమ్మ ఇంటికి మాత్రం చొక్కా వేసుకుని వచ్చేవాడు. ఆ చొక్కా కూడా దేవేంద్రప్పదే.

ఒకరోజు సుంకులమ్మ కొడుకు ఈరేష్ మిరపచేల నుంచి ఫోన్ చేశాడు. ఆమె ఒంటరిగా ఉంటే తమకు పని మీద మనసు నిలవడం లేదన్నాడు. ఆదివారం వచ్చి, ఇంటికి తాళం వేసి, ఆమెను తమతో తీసుకుపోతానన్నాడు. పట్టలు కప్పిన గుడారంలో మిరప ఘాటుకు దగ్గుకుంటూ బతకడం ఆమెకు ఇష్టం లేదు. కానీ ఒంటరిగా ఉండటమూ ఇష్టం లేదు, ఆ సంగతి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నప్పుడే ఆమెకు తెలిసింది. వద్దనడానికి ఒక్క కారణమూ దొరకలేదు. సరేలే అని పెట్టేసింది.

మర్నాడు తలుపు చప్పుడైంది. "సుంకులమ్మా, రోంత ఉప్పు." ఆమె పలకలేదు. కోపమేమీ లేదు, లేవబుద్ధి కాలేదు, అంతే. ఊరే వదిలి పోతున్నప్పుడు ఎవరికి ఉప్పిస్తే ఏమి, ఇవ్వకపోతే ఏమి అనిపించింది. దుప్పటి మొహం మీదికి లాక్కుంది. ఆయన మళ్ళీ తట్టాడు, గొలుసు ఆడించాడు, పేరు పెట్టి అరిచాడు. తర్వాత పరుగెత్తిన చప్పుడు. ఉచ్చీరప్ప పరుగెత్తగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

కాసేపటికి మిద్దె మీద దబదబమని మోత. అక్కడి మట్టి మిద్దెలకు పొగ పోవడానికి, వెలుతురు రావడానికి కప్పులో గవాచి అని ఒక కంత ఉంటుంది. పిల్లి దూరడానికి బాగుంటుంది, మనిషికి కాదు. దాని మీది బండ జరిగింది, మన్ను రాలింది, ఆ వెనకే రెండు కాళ్ళు దిగాయి. పంచె కంత అంచుకు చిక్కుకుని పైనే ఉండిపోయింది, చారల నిక్కరు దిగింది. రొమ్ము దగ్గరికొచ్చేసరికి మనిషి ఆగిపోయాడు.

సుంకులమ్మ లేచి కూర్చుంది. "ఉప్పు కోసరమా ఇదంతా?"

తన్నుకుంటున్న కాళ్ళు ఆగాయి. "బతికే ఉండావా?"

"సచ్చినాననుకుంటివా?"

పైనుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. తర్వాత అసలు సంగతి ముక్కలు ముక్కలుగా దిగింది. పోయిన సుగ్గిలో తన పక్కింటి నాగమ్మ తలుపేసుకుని లోపలే ప్రాణం విడిచింది. తలుపు తెరుచుకోవడం లేదని ఎవరూ చూసుకోలేదు. తనూ చూసుకోలేదు. అప్పటినుంచే ఈ బదులు అడగడం. వస్తువు ఏదైతేనేం, తలుపు తీసుకుని మనిషి బయటికి వస్తే ఆయనకు చాలు.

"బాగుండావా అని నోరు తెరిసి అడగొచ్చు కదప్పా."

"పొద్దున్నే సచ్చినావా బతికినావా అని అడిగితే రాళ్ళిసురుతారు. ఉప్పడిగితే తిట్టుకుంటారు, అంతే. తిట్టించుకునేదే మేలు."

సుంకులమ్మకు ఏడుపొచ్చింది. కానీ ఎదురుగా చారల నిక్కరు ఊగుతుంటే ఆ ఏడుపు నిలబడలేదు.

ఇంతలో మిద్దె మీద ఇంకా అడుగులు వినిపించాయి. ఉచ్చీరప్ప ఈ పూట ఏమీ అడగడానికి రాలేదు, మనిషికి ఏమైందోనని దేవేంద్రప్ప, బజారి వెతుక్కుంటూ వచ్చి నిచ్చెన ఎక్కారు. ఎక్కలేని భీమమ్మ కింద నిలబడి ఎట్లా ఎక్కాలో చెబుతోంది.

"మా తలుపులన్నీ నువ్వు సూస్తాండావు," అంది సుంకులమ్మ ఆ కాళ్ళతో. "ఒక్కడివే ఉండేవాడివి, నీ తలుపు ఎవరు సూస్తారు?"

ఈ ప్రశ్న ఉచ్చీరప్పకు ఇంతవరకు తట్టినట్టే లేదు.

"నేను సూస్తా. కానీ పొద్దున్నే మీ ఇంటి దాకా నడిసే ఓపిక నాకు లేదు. నువ్వే ఈడికి వచ్చెయ్. ఒక్కదాన్నే లేనని ఈరేష్‌కు సెప్తా."

"నలుగురూ ఏమంటారో."

"ఆ నలుగురూ గుంటూర్లో ఉండారు. వచ్చినాక అనుకోనీ."

మిద్దె మీద దేవేంద్రప్ప రొప్పుతున్నాడు. "బిరీన తేల్సండప్పా, నా నడుం పోతాంది. ఈయప్పను పైకి లాగాల్నా, కిందికి తొయ్యాల్నా?"

సుంకులమ్మ పొయ్యి మీది కుండ పక్కకు తీసింది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి ఆ కాళ్ళ కింద పరిచింది.

"కిందికే," అంది. "మెల్లగా."