బావ విమానం, నా పెట్రోలు పరీక్ష

మా బావ మస్కట్ ఉద్యోగానికి నేను దాదాపు మంగళం పాడేసిన కథ ఇది. ఆ సాయంత్రం విమానం ఎక్కి మర్నాడు డ్యూటీలో చేరకపోతే ఆయన కొలువు గోవిందా. నా సెకండ్‌హ్యాండ్ కారులో హైదరాబాద్‌లో దింపుతానని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆర్మూర్ దాటకముందే పెట్రోలు బంకులో ఆగాం.

నేను పసుపు రైతును. మా మార్కెట్లో కొమ్ము విరిచి లోపలి రంగు చూడందే ఎవడూ ధర చెప్పడు. రాశి పైన మంచి కొమ్ములు, అడుగున నాసివి పోసే విద్య నాకూ కాస్త వచ్చు, ఎవరికీ చెప్పకండి. దొంగకు ఊరంతా దొంగలే కదా!

"సాదాదా, పవర్‌దా సార్?" అన్నాడు బంకతను.

"ఏది మంచిది?"

"పవర్‌ది ఆక్టేన్ నంబరు తొంభై ఐదు, సాదాది తొంభై ఒకటి. మీ కారుకు సాదాది సాలు."

ఖరీదైనది చేతిలో ఉండగా చవకది అంటగడతాడా? పాత సరుకు వదిలించుకుంటున్నాడన్నమాట!

"అయితే పవర్‌దే పొయ్యి."

"పోస్త సార్."

వెంటనే ఒప్పుకున్నాడు! మోసం అందులోనే ఉంది.

"ఆగాగు!"

"ట్యాంకు మూత లోపట రాసుంటది, సూసుకోన్రి సార్."

చూశాను. తొంభై ఒకటనే ఉంది. అయితే ఆ స్టిక్కరు నాకు కారమ్మినవాడు అంటించింది కాదని ఏమిటి గ్యారంటీ?

"బామ్మర్దీ, ఏదో ఒకటి పోయించు. ముల్లు కిందికి వడ్డది," అన్నాడు బావ.

"నీకెర్కలేదు బావా. ముంగట మస్తు బంకులున్నయి."

రెండో బంకులోనూ సాదాది చాలన్నారు. ఇద్దరూ ఒకే మాట అన్నారంటే ఫోన్లో కూడబలుక్కున్నట్టే! మూడో బంకతను పవర్‌ది మంచిదన్నాడు. వీడికి కమీషన్ ఉందనుకున్నాను.

ఇందల్వాయి దాటాక కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"నా కొలువు వోతె మీ అక్కకు నువ్వే జెప్పు," అన్నాడు బావ. అక్కకు చెప్పడం కంటే కారును నెత్తిన పెట్టుకుని ఎయిర్‌పోర్టుకు మోయడం సులువు. నాకు నిజంగానే భయమేసింది.

రోడ్డు పక్కన ఒక అవ్వ కిరాణా కొట్లో నీళ్ల సీసాల్లో పెట్రోలు అమ్ముతోంది. పరుగెత్తాను.

"అవ్వా, రెండు సీసలియ్యి!"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తొవ్వ పొంటి గన్ని బంకులుండంగ సీసలెందుకు? ఎవల్నన్న తగలవెడ్తవా?"

"లే అవ్వా, ఏ బంకునూ నమ్మబుద్ధి గాలె."

"బంకునే నమ్మనోడు నా సీసను నమ్ముతున్నవంటె గిండ్ల ఏదో మతలబున్నది. ఇయ్య, పో!"

బావ పాస్‌పోర్టు, టికెట్టు చూపించి బతిమాలితే గానీ ఆమె కరగలేదు. ఆ సీసాల్లో ఉన్నది సాదాదో, పవర్‌దో, కిరసనాయిలో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కళ్లు మూసుకుని ఒంపాను. కారు కదిలింది. తర్వాతి బంకులో బావ నన్ను దిగనివ్వకుండా తనే సాదాది నింపించాడు.

విమానం ఎక్కిన చివరి మనిషి ఆయనే. ఎయిర్‌పోర్టు లోపలికి పోతూ, "మల్ల వచ్చినప్పుడు బస్సుల వస్త," అన్నాడు.

అందుకే ఒక చేయి స్టీరింగు మీద, ఒక చేయి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ బంకతన్నీ అనుమానించను. ట్యాంకు నిండాకే అనుమానిస్తాను.