వంటింట్లో వేసిన మంచం

"వంటింట్లో గూడా మంచమేస్తే అన్నం యాడ వండల్ల రాజన్నా, నీ నెత్తిమీదనా?"

"జర సైసు అక్కా. కొత్తగ అచ్చినోళ్లు మెట్ల మీద పండుతుండ్రు. నడుమల ప్లైవుడ్ కొడ్త, సగం నీకే ఉంటది."

"ఆ సగంలో పొయ్యి బెడితే నేను యాడ నిలబడల్ల?"

నిన్న మా వీధిలో వడ్రంగి ప్లైవుడ్ కోస్తుంటే, ఆ చెక్కపొట్టు వాసనకు ఖతర్‌లో విన్న ఈ పోట్లాట మళ్ళీ చెవుల్లో పడింది. మస్తానమ్మక్కది మా కడప వైపే. అక్కడి ముఐథర్ అనే పేటలో ఒక విల్లాలో మగవాళ్ళ మెస్‌కు వండేది. నేను ఆమె చేతికింద పనిచేశాను. ఇద్దరం పెరట్లోని చిన్న గదిలో పడుకునేవాళ్ళం. జగిత్యాల రాజన్న ఆ విల్లాను అద్దెకు తీసుకుని, మంచానికింత అని మనుషులను పెట్టుకునేవాడు.

నేను వెళ్ళిన కొత్తలో ఆ ఇంట్లో హాలు హాలుగానే ఉండేది. ఎదురుగా ఇసుక, అందులో ఎవరివో మేకలు. తరువాత ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసమని స్టేడియాలూ మెట్రో కట్టడం మొదలుపెట్టారు. బస్సులనిండా మనుషులు దిగారు. హాలు గదులైంది, గదులు అరలయ్యాయి. ఊరు ఎంత ఎదిగిందో అని అందరూ మురిసిపోయేవాళ్ళు. నాకు చదువు లేదు, లెక్కలు తెలియవు. అన్నం గిన్నె నా ఒక్కదానికి లేవనంత పెద్దదైందని మాత్రం తెలుసు.

అక్కకు ఒక పట్టింపు ఉండేది. కొత్తగా దిగినవాడు సంచి కింద పెట్టకముందే చేతికి పళ్ళెం ఇవ్వాలి. వాడు తినేదాకా పాతవాళ్ళకు వడ్డన లేదు. నాకు ఒళ్ళు మండేది.

"మన మెస్‌లో చేరతాడో లేదో తెలీకుండానే పెడితే ఎట్లక్కా?"

"చేరకుంటే పోనీలేమ్మే. పరాయి దేశంలో మొదటి ముద్ద అడుక్కొని తినగూడదు."

వాడు తింటుంటే పక్కన కూర్చుని, "ఇంటికాడ తమ్ముడుండాడా? వాణ్ణీ రమ్మను. ఒకరికొకరు ధైర్యం" అనేది. వాళ్ళు రమ్మన్నారు. తమ్ముళ్ళొచ్చారు, బావమరదులొచ్చారు.

పోట్లాట జరిగింది శుక్రవారం మధ్యాహ్నం. అందరూ వంటింట్లోనే కూర్చుని తింటున్నారు. ఆ ఇంట్లో కిటికీ తెరుచుకునే చోటు అదొక్కటే మిగిలింది. అక్క వాళ్ళ వైపు తిరిగి, "మీరన్నా చెప్పండ్రా. ఈడ గాకుంటే యాడ కూసోని తింటారు?" అంది.

అందరూ పళ్ళేల మీదికి వంగి తింటూనే ఉన్నారు. అందరికంటే ఎక్కువకాలం ఆమె చేతి అన్నం తిన్న గంగారాం చారు కలుపుకుంటూ అన్నాడు. "మా బామ్మర్ది రేపు పొద్దుగాల దిగుతుండు పెద్దమ్మా. ఆనికి జాగ గావాలె గద."

"వాణ్ణి రమ్మనన్నది నేనే గదరా" అంటూ అక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు. గరిటె తీసుకుని అతనికి ఇంకొంచెం అన్నం వడ్డించింది.

ఇప్పటికీ మెతుకు పారేస్తే మనవళ్ళను తిట్టే మనిషిని నేను. అయినా గడప తొక్కిన కొత్త మనిషికే ముందు వడ్డిస్తాను. తిన్నవాళ్ళు నా పక్కన నిలబడతారని మాత్రం ఎన్నడూ ఆశపడను. రెండూ అక్క దగ్గర నేర్చుకున్నవే.

మర్నాడు పొద్దున ప్లైవుడ్ కొట్టేశారు. కిటికీ మంచం వైపుకు పోయింది. మిగిలిన చోటులో పొయ్యి పట్టలేదు, తెచ్చి పెరట్లో ఎండలో పెట్టారు. గంగారాం బావమరిది సంచి భుజాన వేసుకుని వచ్చాడు. అక్క చెమట తుడుచుకుని పళ్ళెం అందించింది.

"ఎండల వండుతున్నవేంది పెద్దమ్మా, లోపల వంటిల్లు లేదా?"

"ఉండాదిలే నాయనా. తిని, నీ సంచి ఆడ పెట్టుకో."