నూన్సియా గ్రీకు బడి చూడబోయిన శనివారం

ఎనిమిదో తరగతి అయ్యాక పిల్ల ఏ బడిలో చేరాలో చెబుతూ టీచర్లు పంపిన కాగితాన్ని నూన్సియా కూతురి చేత మూడుసార్లు చదివించుకుంది. తనకు చదవడం రాక కాదు, కూతురి నోట వింటే మాట మారుతుందేమోనని. మారలేదు. కోసిమా బుద్ధిమంతురాలు, పనిలో చురుకు, వంటా హోటలు పనీ నేర్పే బడి ఆమెకు తగినది అని ఉంది.

"నీకేం కావాలే?" అని అడిగింది.

"గ్రీకూ లాటినూ చెప్పే బడి" అంది కోసిమా, తలెత్తకుండా.

పడవ తాళ్ళు సరిచేసుకుంటున్న మొగుడు మీమో నవ్వాడు. "ఆల్చిప్పలకి గ్రీకులో పాఠం చెబుతుందా నీ కూతురు?"

"చెబుతుంది. నీకంటే అవే తొందరగా నేర్చుకుంటాయి."

నూన్సియాకు నలభై నాలుగేళ్ళు. ఇటలీలో తారాంతో అనే రేవు పట్టణపు పాత ఊళ్ళో పుట్టింది, అక్కడే పెళ్ళాడింది. పద్నాలుగో ఏట నుంచి సముద్రపు ఒడ్డు షెడ్డులో ఆల్చిప్పలు ఒలుస్తోంది. ఆ వయసులో ఆమె గురించి కూడా టీచరమ్మ ఒకావిడ తండ్రిని పిలిచి, ఈ పిల్లను ఇంకా చదివించడం దండగ అంది. తండ్రి సరేనన్నాడు. మర్నాడు తెల్లవారకముందే చేతికి కత్తి ఇచ్చారు. ఆ సంగతి నూన్సియా ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు.

జనవరిలో ఒక శనివారం గ్రీకు చెప్పే ఆ పెద్ద బడి తలుపులు తల్లిదండ్రుల కోసం తెరిచారు. నూన్సియా పని దిగి, నిమ్మచెక్కతో చేతులు తోముకుంది. వాసన సగమే పోయింది. చావులకు వేసుకునే నల్లకోటు తొడుక్కుని, కూతురిని వెంటబెట్టుకుని వంతెన దాటింది.

బడి వాకిట్లో పేర్లు రాసుకుంటున్న అమ్మాయి "ఏ బడి నుంచి?" అంది. కోసిమా చెప్పింది. ఆ అమ్మాయి కలం ఒక్క క్షణం ఆగింది. లోపల వకీళ్ళూ డాక్టర్లూ ఒకరినొకరు పేరుపెట్టి పలకరించుకుంటున్నారు. వాళ్ళంతా ఒకప్పుడు ఈ బడిలోనే చదివినట్టున్నారు.

వైస్ ప్రిన్సిపాల్ మర్యాదస్తురాలు. టీచర్లు రాసిన కాగితం చూసి, కళ్ళజోడు తీసి, మెల్లగా మొదలుపెట్టింది.

"చూడండమ్మా, ఇక్కడ రోజూ ఇంటికెళ్ళాక నాలుగు గంటలు చదవాలి. ఇంట్లో పిల్లకి సాయం చేసేవాళ్ళు ఉన్నారా?"

"లేరండి."

"అదే చెబుతున్నా. పిల్ల బాధపడకూడదని."

"సాయం ఇంట్లోనే ఉంటే ఇక మీరెందుకండీ?"

వెనక ఎవరో దగ్గారు. వైస్ ప్రిన్సిపాల్ మొహం కందింది. "ఇది ఊరికే రాసింది కాదమ్మా."

"హుకుమా, సలహానా?"

"సలహానే."

"అయితే విన్నాను. ఇక క్లాసు చూపించండి."

పిల్లలకు రుచి చూపించే పాఠం పై అంతస్తులో జరుగుతోంది. మిగతా తల్లిదండ్రులు గోడవారగా నిలబడ్డారు. నూన్సియా నేరుగా వెళ్ళి మొదటి బెంచీలో కూతురి పక్కన కూర్చుంది. రూజేరో మాస్టారు ముసలాయన. స్వెట్టరు నిండా సుద్దపొడి. ఒక్కో అక్షరం రాసి పలికించి, ప్రశ్నలుంటే అడగమన్నాడు.

"ఆల్చిప్పని ఏమంటారు మాస్టారూ?" అంది నూన్సియా.

ఆయన తిరిగి చూశాడు. "మూస్. పాతకాలం వాళ్ళు ఎలుకనీ అదే అన్నారు."

"రెంటికీ ఒకే పేరా? మరి సంతలో బేరం ఎలా ఆడేవారు?"

పిల్లలు గొల్లుమన్నారు. మాస్టారు కూడా నవ్వి, "ముప్పై ఎనిమిదేళ్ళలో ఈ మాట అడిగింది మీరే" అన్నాడు. తర్వాత కోసిమా వైపు వంగాడు. "అబద్ధం చెప్పను తల్లీ. మొదటి ఏడాది ఏడుస్తావు."

"ఏడుస్తూ చదువుతా" అంది కోసిమా. వాకిట్లో బడి పేరు చెప్పడం తప్ప, ఆ రోజు ఆ పిల్ల అక్కడ సొంతంగా మాట్లాడింది అదొక్కటే.

దిగివస్తుంటే వైస్ ప్రిన్సిపాల్ మెట్ల దగ్గర కనిపించింది. "తొందరపడకండమ్మా, ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

"మా నాన్నకి ఇలాగే మెల్లగా చెప్పారండీ నా గురించి. ఆయన ఆలోచించుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఒలుస్తున్నాను." నూన్సియా కోటు గుండీ పెట్టుకుంది. "నేను ఆలోచించుకోను. చేరుస్తాను."

సోమవారమే లైబ్రరీ కంప్యూటర్లో దరఖాస్తు పెట్టారు. సెప్టెంబరులో కోసిమా చేరింది. మాస్టారు అన్నట్టే ఏడ్చింది. తొలి ఫలితాల్లో గ్రీకులో పదికి మూడు వచ్చాయి. వైస్ ప్రిన్సిపాల్ కబురంపి పిలిపించి, బడి మారడానికి ఇంకా గడువుందని చెప్పింది.

"మూడు వచ్చాయంటే ఇక ఏడే కదండీ రావాల్సింది" అని నూన్సియా లేచి వచ్చేసింది. కానీ ఇంటికొచ్చి వంటింట్లో చాలాసేపు ఊరికే కూర్చుంది. తన పంతానికి పిల్లను బలి ఇస్తున్నానా అనుకుంది. పక్కగదిలో కోసిమా ఏవో క్రియారూపాలు పైకి చదువుతోంది, తప్పినచోట తనను తానే తిట్టుకుంటూ. అది వింటూ ఆమె చారు పొయ్యిమీద పెట్టింది.

ఏడాది చివర గ్రీకు తప్పింది. వేసవంతా చదివి మళ్ళీ రాసింది. ఆరు వచ్చాయి. ఆరొస్తే పాసే.

మర్నాడు షెడ్డులో నూన్సియా కూతురికి ఆరు వచ్చాయని చెప్పింది. "ఎంతకి?" అంది పక్కనున్న ముసలి కార్మేలా.

"పదికి."

"అంతేనా?"

"అంతే. ఇంకా నాలుగేళ్ళ చదువుంది పెద్దమ్మా, ఆగు" అని నూన్సియా బుట్ట ముందుకు లాక్కుంది.