పారిస్ చూసొచ్చిన ఉప్పుకండ

ముందు పోయినవాటి లెక్క రాస్తాను. వేలూరు నుంచి తెప్పించిన ఉన్ని ఉండలు తొమ్మిది. పాస్‌పోర్టు ఫోటోలు నాలుగు. నింపి, సంతకం పడని దరఖాస్తు ఒకటి. మా ఇంట్లో నవ్వుతూ గడవాల్సిన ఎండాకాలం ఒకటి. ఇన్నేళ్ళ తర్వాత ఈ పద్దు ఎందుకు తీశానంటే, పోయిన శుక్రవారం నమాజు అయి బయటికి వస్తుంటే మసీదు గేటు దగ్గర ఒక కుర్రాడు రంగుల కాగితం చేతిలో పెట్టాడు. ముస్లిం కుటుంబాలకు యూరప్ యాత్ర అట. మూడు పూటలా హలాల్ భోజనం, నమాజుకు ఏ దిక్కు తిరగాలో హోటల్ గదిలోనే గుర్తు, ఆడవాళ్ళకు వేరే ఈతకొలను. కాగితం మీద మంచుకొండ ముందు బురఖాలో ఒకామె నవ్వుతూ నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండానే అక్కడ నిలబడి అంతా చదివాను.

నేను ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ణి. లెక్కలు నాకెవరూ నేర్పలేదు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తూకాలు రాస్తూ రాస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. లారీ కాయ వస్తే అందులో తొక్క ఎంత, టెంక ఎంత, గుజ్జు ఎంత అని కాగితం ముట్టకుండా చెప్పేవాణ్ణి. మా ఆవిడ చెల్లెలి మొగుడు, అంటే నా తోడల్లుడు, పెళ్ళైన కొత్తలో పద్దెనిమిది ఎనిమిదులు ఎంతని నన్నడిగేవాడు. అట్లాంటివాడు డెబ్బైల చివర్లో కువైట్ పోయి, విమానాల కంపెనీలో పెట్టెలు మోసే పనిలో చేరి, మూడేళ్ళు తిరక్కుండా కుర్చీలో కూర్చునే గుమాస్తా అయ్యాడు. మొదటిసారి సెలవు మీద చిత్తూరు వచ్చినప్పుడు వాడి పెట్టెకు చక్రాలున్నాయి. "మోయలేనోడికి గదా సక్రాలు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. మా అత్తగారు ఆ పెట్టెను వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకు మూడుసార్లు లాగి చూసి, "అల్లుడంటే ఇట్లుండాల" అంది. పెద్దల్లుణ్ణి, పక్కనే ఉన్నాను. అసూయ అనే మాట అప్పట్లో నాకు నేను వాడుకోలేదు. కడుపులో పులుపు, మామిడికాయల కాలం కదా, అనుకున్నాను.

ఎనభైల మొదట్లో ఒక మార్చి నెలలో వాడి ఉత్తరం వచ్చింది. మా ఇళ్ళలో ఉర్దూలో మొదలైన మాట తెలుగులో ముగుస్తుంది గానీ, చదువు దగ్గర మాత్రం చిక్కు. మా ఆవిడకూ అత్తగారికీ ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు, వాడికి తెలుగు తప్ప రాయడం రాదు. కాబట్టి కువైట్ ఉత్తరం వస్తే ఇల్లంతా చుట్టూ కూర్చునేది, పైకి చదివే పని నాది. ఆగస్టులో పెళ్ళాం పిల్లలతో పదకొండు రోజులు పారిస్, స్విట్జర్లాండ్ పోతున్నానని, కంపెనీ ఇచ్చే పావు ధర టికెట్లలో బంధువులకని ఒకటి మిగిలిందని రాశాడు. "ఆపాను పంపు అన్నా. అక్కాచెల్లెళ్ళు కలిసి చూస్తారు. పాస్‌పోర్టు దరఖాస్తు మీద నువ్వు సంతకం పెడితే చాలు, మిగతాది నేను చూసుకుంటా." ఆపా అంటే అక్క, మా ఆవిడ. టికెట్ ఒకటి. రెండు కాదు. ఆ తర్వాతి వరసలో ఇంకో సంగతి ఉంది. పారిస్‌లో తాము దిగే వీధిలో అల్జీరియా వాళ్ళ హలాల్ మాంసం అంగళ్ళు నాలుగున్నాయి, తిండికి దిగులు లేదు, అని. ఆ వరస నా కంటికి అందింది, నోటికి అందలేదు. దాటేసి, కింద "అందరికీ సలాములు" దగ్గర అందుకున్నాను.

మా ఆవిడ అప్పటికి పోయిన దూరం ఇటు పాకాల, అటు గూడూరు. మంచు అంటే బండివాడు గీకి రంగు పోసే ఐసే. ఆ ఉత్తరం విన్న మర్నాడే ఫోటో తీయించుకుంది. పక్కన నేను గానీ పిల్లలు గానీ లేకుండా ఆవిడ దిగిన మొదటి ఫోటో అది. ఉన్ని తెప్పించి స్వెట్టర్ మొదలుపెట్టింది. సంతకం పెట్టనని నేను అనలేదు. అంటే కారణం చెప్పాలి. లెక్క వేశాను. పదకొండు రోజులు, రోజుకు మూడు పూటలు, ముప్పై మూడు పూటలు. "ఆడ దొరికే కోడి మనది కాదు, పొట్టేలు మనది కాదు. రొట్టెలో ఏం కొవ్వు ఏస్తారో అల్లాకే తెలియాల. నువ్వు తినగలిగేది పండ్లు, గుడ్లు" అని కాగితం మీద పూటకో గీత గీసి కొట్టేస్తూ చూపించాను.

ఆవిడ కాగితం వైపు చూడలేదు. "రంజాన్లో ముప్పై దినాలు ఉంటాను గదా, పదకొండు దినాలు ఉండలేనా?"

"అది అల్లా కోసరం. ఇది ఊర్లు సూసేదానికి."

"ఆ కొండలు మాత్రం ఎవురు చేసినారు?"

నేను పిల్లల మాట ఎత్తాను. అత్తగారు గోడ అవతల నుంచే, "పిల్లోళ్ళను నేను సూసుకుంటా, పోనీప్పా" అంది. ఇక మిగిలింది ఒకటే. "తెలీక హరాం ముద్ద ఒక్కటి నీ నోట్లో పడినా, రేపు అల్లా ముందర ఆ లెక్క నేను చెప్పుకోవాల" అన్నాను. మా ఆవిడ భయపడేది ఆ ఒక్కదానికే. అల్లిక సూదులు పక్కన పెట్టింది. ఒక చెయ్యి మాత్రమే అయిన స్వెట్టర్ అట్లాగే ఉండిపోయింది.

తాను పోకపోయినా చెల్లెలి పిల్లలు ఆకలితో తిరగకూడదని ఆవిడ దిగులు. నా లెక్క నమ్మింది కదా. రెండు కిలోల మాంసం తెప్పించి, సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు, మిరప్పొడి పట్టించి, మిద్దె మీద తాళ్ళు కట్టి ఆరేసింది. ఉప్పుకండ మా ఇళ్ళలో బక్రీద్ అయినాక చేసుకునేది. ఆ ఏడు మాత్రం పండగ రాకముందే చేసింది. నాలుగు రోజులు గొడుగు కింద కూర్చుని కాకుల్ని తోలింది. ఎండినాక నేనే తూచాను, ఏడు వందల గ్రాములు. పొట్లం కట్టి, కువైట్ పోతున్న మా వీధి మనిషి చేతికిచ్చాము.

నవంబరులో ఒక పెళ్ళికి మరదలు పిల్లలతో వచ్చింది. వసారాలో అందరం కూర్చున్నాము. "మంచు ఉప్పు మాదిరి ఉండాది ఆపా, తొక్కితే కిర్రుమంటాది" అని చెబుతుంటే మా ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటూ ఉంది. అంతలో మరదలు సంచిలోంచి పొట్లం తీసింది. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది.

"ఇది తెరిసే పనే పడలా. దిగిన వీధి నిండా మనోళ్ళ అంగళ్ళే. దుల్హాభాయికి ముందే రాసినాడు గదా మా ఆయన, తిండికి దిగుల్లేదని?"

దుల్హాభాయి అంటే అక్క మొగుణ్ణి, నేనే. మా ఆవిడ నా వైపు చూడలేదు. పొట్లం తీసుకుని వంటింట్లోకి పోయింది. నూనెలో వేగుతున్న వాసన వచ్చింది. అన్నం, పప్పు, పక్కన ఆ ఉప్పుకండ పెట్టి నా ముందుంచింది. "తినండి. పారిస్ సూసొచ్చినాది" అంది. నాకన్నా, ఆవిడకన్నా ఎక్కువ దేశాలు తిరిగిన మాంసం అది. తిన్నాను. రుచిగా ఉండటం ఇంకా కష్టంగా తోచింది. ఇక్కడ సిగ్గుపడ్డానని రాయాలి, పడ్డాను కూడా. కానీ ఆ ముద్ద నోట్లో ఉండగానే నాకు ముందు పుట్టింది వాడి మీద మంట. ఆ ఒక్క వరస రాయకపోతే వాడి సొమ్మేం పోయేది, అని. ఆ తర్వాత ఉత్తరాలు చదివే పని నాకు రాలేదు. నాలుగు నెలల్లో మా ఆవిడ తెలుగు అక్షరాలు నేర్చుకుంది, మా పెద్దదాని పలక మీద.

శుక్రవారం ఆ రంగుల కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. "ఇద్దరం పోదామా? పని మానినప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన దుడ్లు సరిపోతాయి" అన్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చదువుకుంది.

"ఈ మోకాళ్ళతో మంచు మింద యాడ నడిసేది?"

"కుర్చీబండి ఇస్తారంట."

"కుర్చీలో కూసోని సూసేదానికి టీవీ సాలదా? మీరు పోయిరాండి" అని నవ్వింది. మనసులో ఏమీ పెట్టుకోకుండానే నవ్వింది.

బాకీ మాత్రం ఈ పొద్దుటికీ నిలిచే ఉంది, పదకొండు రోజులు. ఇప్పుడు ఇంట్లో ఉన్న మనిషికి పదకొండేం, ఇరవై రోజులైనా కొనివ్వగలను. కానీ అవి చెల్లాల్సింది ఆ మార్చిలో స్వెట్టర్ మొదలుపెట్టిన ఇరవై తొమ్మిదేళ్ళ మనిషికి. ఆవిడ ఈ ఇల్లు వదిలి పోయి చాలా కాలమైంది.