ఊపిరి వదిలి ఎత్తుకో

మా లాండ్రీలో ఆమెను అందరూ కిలకిల అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో గుర్తు లేదు గానీ, మనిషికి అంతగా అతికిన పేరు నేనింకొకటి వినలేదు. యంత్రాల రొదలో పక్కవాళ్ళ మాట మనకు వినబడి చావదు. ఈవిడ నవ్వు మాత్రం బట్టలారే గది దాకా వినబడేది. ఆ నవ్వుకే మా తమ్ముడు పడిపోయాడు. అక్కకి అన్నం డబ్బా ఇచ్చే వంకతో వచ్చి వాడు వేసిన వేషాలు అన్నీ ఇన్నీ కావు. మొత్తానికి కిలకిల నాకు మరదలైంది.

అలాంటి మనిషి పాప పుట్టాక నవ్వడం మానేసింది.

కాన్పు కష్టమైంది. బొద్దుగా పుట్టిన పిల్ల, బయటికి రావడానికి తల్లి ప్రాణాలు తోడేసింది. పాప కాస్త నిలదొక్కుకోగానే కిలకిల మళ్ళీ పనిలో చేరింది. అప్పట్నుంచీ చూస్తున్నాను, ఎవరైనా జోకు వేస్తే పెదాలు బిగబట్టి, కాళ్ళు ఒకదానికొకటి అదిమిపెట్టి నిలబడేది. నీళ్ళ సీసా మూత కూడా తీసేది కాదు. "తల్లయ్యాక కళ్ళు నెత్తికెక్కాయి" అంది ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే పొడుగామె. "నోరు మూసుకుని నీ పని చూసుకో, దానికి నిద్ర చాలక చస్తోంది" అని కసిరాను. పైకి అలా అన్నానే గానీ నాకూ లోపల ఏదో తేడాగానే ఉంది.

ఇంట్లో ఇంకో వింత. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పాపకి నడక వచ్చినా మెట్ల దగ్గరకి రాగానే చేతులు చాచేది. "అమ్మకి నడుం నొప్పి నాన్నా, అత్త ఎత్తుకుంటుంది" అనేది కిలకిల. ఎప్పుడు చూసినా అదే పాట. నా మోకాళ్ళు నన్నే మొయ్యలేకపోతున్నాయి, అయినా మొయ్యక చస్తానా! నడుం నొప్పి ఉన్న మనిషివి తడి దుప్పట్లు ఎలా ఎత్తుతున్నావే అని అడిగితే మొహం పక్కకి తిప్పుకునేది.

ఒకరోజు సాయంత్రం పిల్లల్ని చూసుకునే ఆవిడ దగ్గర్నుంచి పాపను తీసుకుని వస్తున్నాం. నా రెండు చేతుల్లోనూ కూరగాయల సంచులు. రోడ్డు దాటాలి కాబట్టి కిలకిల వేరే దారి లేక పాపను ఎత్తుకుంది. సరిగ్గా నడిరోడ్డు మీద తల్లికి దగ్గు తెర వచ్చింది. అంతే, పిల్లను అమాంతం కిందికి వదిలేసింది. పాప బోర్లా పడింది. ఎదురుగా వస్తున్న బస్సు కీచుమంటూ ఆగింది. నేను సంచులు విసిరేసి పరుగెత్తి పాపను అందుకున్నాను. దాని మోకాలు చెక్కుకుపోయింది. ఏడవలేదు. తల్లి మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"నీకు మతుందా! నడిరోడ్డు మీద పిల్లని పడేస్తావా?" అని గుండెలు అదిరేలా అరిచాను. కిలకిల చేతిసంచీ ఒంటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు లాండ్రీలో మడతల గదిలో ఎవరూ లేనప్పుడు నా దగ్గరకి వచ్చింది. "నన్ను ఇంకా తిట్టు వదినా. తిడితే కాస్త నయంగా ఉంటుంది."

"నాకున్న తిట్లన్నీ నిన్ననే అయిపోయాయి. ముందు సంగతేంటో చెప్పు."

"దగ్గితే ఉచ్చ కారిపోతోంది. నవ్వితే కారిపోతోంది. కాన్పైనప్పట్నుంచీ ఇదే. పాపను ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ. వాసన వస్తుందేమో, దాని బట్టలకి అంటుతుందేమో అని..."

"నడుం నొప్పి?"

"నొప్పీ లేదు, పాడూ లేదు. నిన్న బస్సు వస్తోందని కూడా చూడలేదు వదినా. నా బట్టలే చూసుకున్నాను. నేనేం తల్లిని?"

నా కోపం ఎటు పోయిందో నాకే తెలీదు. "దీనికి మందు ఉంటుందే పిచ్చిదానా, నీళ్ళు మానేసి ఒళ్ళు గుల్ల చేసుకుంటే తగ్గుతుందా?" అని ఆ వారమే డాక్టర్ దగ్గరకి లాక్కెళ్ళాను. ఆవిడ చూసి, భయపడాల్సిందేమీ లేదు, కాన్పులో కింది కండరాలు సడలాయి అని చెప్పి ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరకి పంపింది. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. పొత్తికడుపు అడుగున జోలెలా కొన్ని కండరాలు ఉంటాయట. ఉచ్చసంచినీ, గర్భసంచినీ కింద నుంచి పట్టి ఉంచేవి అవేనట. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, గాలి పోకుండా ఆపుకున్నట్టు ఆ కండరాల్ని లోపలికీ పైకీ లాగాలి, మళ్ళీ పూర్తిగా వదలాలి. నీళ్ళు మామూలుగా తాగాలి. అంతే.

కిలకిల అంత శ్రద్ధగా చేసిన పని నేనింకొకటి చూడలేదు. పొద్దున్నే చాప పరిచేది. పాప కూడా పక్కన పడుకుని కాళ్ళు మడిచేది. ఇంత చేసినా తగ్గకపోగా ఇంకాస్త ఎక్కువైంది. "పిల్లని పడేసినదాన్ని, నాకెలా తగ్గుతుంది?" అని కళ్ళు తుడుచుకునేది. పాప మోకాలి మీద మచ్చ మిగిలింది. స్నానం చేయించేటప్పుడు తల్లి చెయ్యి అక్కడికి రాగానే ఆగిపోవడం నేను చూశాను.

రెండోసారి వెళ్ళినప్పుడు ఫిజియోథెరపీ అమ్మాయి "ఎలా చేస్తున్నారో చూపించండి" అంది. కిలకిల పడుకుని గుండెల నిండా గాలి పీల్చి, బుగ్గలు ఉబ్బించి బిగబట్టింది. మొహం ఎర్రబడింది. ఆ అమ్మాయి దాని పొట్ట మీద చెయ్యి వేసి గాభరా పడిపోయింది.

"అయ్యో, మీరు పైకి లాగట్లేదండీ. కిందికి తోస్తున్నారు. ఊపిరి బిగబట్టమని ఎవరు చెప్పారు మీకు?"

ఎవరూ చెప్పలేదు. మా లాండ్రీలో చెప్పక్కర్లేదు. యంత్రంలోంచి తడి దుప్పట్ల మూట తీసి బండిలో వెయ్యాలంటే మా అందరిదీ ఒకటే పద్ధతి, ఊపిరి బిగబట్టు, పొట్ట బిగించు, హుమ్మని ఎత్తు. కొత్తగా చేరిన మనిషి మొదటి పూట నేర్చుకునేది అదే. కిలకిల ఆ పద్ధతిలోనే లాండ్రీలో మూటలు ఎత్తింది, ఇంట్లో వ్యాయామమూ చేసింది. పాపను ఎత్తుకున్నదీ అలాగే.

"బిగబట్టిన గాలి బరువంతా సడలిన చోటే పడుతుంది" అంది ఆ అమ్మాయి. "ఊపిరి వదులుతూ పైకి లాగండి. ఏదైనా ఎత్తబోయే ముందే ఫూ అని వదలడం మొదలుపెట్టండి. దగ్గు వస్తోందనిపిస్తే ముందే బిగించండి." తర్వాత నిలబడమంది. కిలకిల ఇస్త్రీ బల్లకి ఆనినట్టు పొట్ట ముందుకి తోసి, మోకాళ్ళు బిగించి నిలబడింది. ఆ అమ్మాయి మోకాళ్ళు వదులు చేయించి, పక్కటెముకలు తుంటికి సూటిగా పైన ఉండేలా నిలబెట్టింది. నన్ను చూసి "మీరు కూడా సరిగ్గా నిలబడండి" అంది. ఇదెక్కడి గొడవరా బాబూ అనుకుంటూ నిలబడ్డాను.

అప్పట్నుంచి మూట ఎత్తినప్పుడల్లా కిలకిల ఫూ అనేది. "ఏమ్మా, టీ చల్లార్చుకుంటున్నావా?" అని అందరూ ఆట పట్టించారు. కొన్నాళ్ళకి పొడుగామె నన్ను పక్కకి పిలిచింది. "ఆ ఫూ సంగతేంటో నాకూ చెప్పించు. మా చిన్నోడు పెళ్ళీడుకి వచ్చాడు, నేను ఇప్పటికీ తుమ్ముకి భయపడి చస్తున్నాను" అంది. దీన్నా నేను నోరు మూసుకోమన్నది అని మనసు చివుక్కుమంది.

నెలలు పట్టింది గానీ గుణం కనబడింది. దగ్గినా ఇబ్బంది లేని రోజులు వచ్చాయి. అయినా పాపను మాత్రం ఎత్తుకోదు. "ఎత్తుకోవే, ఇంకేంటి?" అంటే, "మళ్ళీ దింపేస్తే వదినా?" అనేది. పాప కూడా తల్లిని అడగడం మానేసింది. మెట్లు కనబడగానే అమ్మను దాటుకుని నా దగ్గరకి వచ్చేది. అలా దాటుకుని వచ్చిన ప్రతిసారీ కిలకిల మొహం నేను చూడలేకపోయేదాన్ని.

ఒక సాయంత్రం నా మోకాలు బొత్తిగా మొరాయించింది. పాప చేతులు చాచింది. "నా వల్ల కాదమ్మా, మీ అమ్మని అడుగు" అన్నాను.

"అమ్మకి నడుం నొప్పి" అంది పాప. అచ్చం తల్లి గొంతు.

కిలకిల మెట్టు మీద కూలబడింది. "నడుం నొప్పి లేదు నాన్నా. అమ్మ అబద్ధం చెప్పింది."

పాప మోకాలి మచ్చ తడుముకుంది. "రోడ్డు మీద పడేశావుగా."

ఆ పసిదానికి ఇంకా గుర్తుందని మేం అనుకోలేదు.

"పడేశాను. తప్పు నాదే, నీది కాదు" అంది కిలకిల.

"మళ్ళీ పడేస్తావా?"

"పడెయ్యను."

పాప తల్లిని ఎగాదిగా చూసింది. తర్వాత దగ్గరకి వెళ్ళి చేతులు పైకెత్తి, పెద్ద మేస్త్రీలా "ఫూ అను" అంది.

కిలకిల ఫూ అంటూ ఎత్తుకుంది. మొదటి అంతస్తు దాటారు. వెనకాల నేను గోడ పట్టుకుని వగరుస్తూ ఎక్కుతున్నాను. పాప తల్లి భుజం మీంచి నన్ను చూసి, "పాపం, అత్తని కూడా ఎత్తుకో అమ్మా" అంది.

కిలకిల పకపకా నవ్వేసింది. ఆ పాత నవ్వే, మెట్లన్నీ మారుమోగాయి. ఉన్నట్టుండి ఆగిపోయింది. అడుగు ముందుకి పడలేదు. ఏమైందో నాకు అర్థమైంది. పాపకి కూడా ఏదో తెలిసినట్టుంది, కిందికి దించేస్తుందనుకుని తల్లి నడుం చుట్టూ కాళ్ళు బిగించింది.

కిలకిల దాన్ని ఇంకాస్త గట్టిగా హత్తుకుంది. నా వైపు తిరగకుండానే, "వదినా, తడిసింది" అంది.

"తడిస్తే తడవనీవే, ఉతకడం మన పనేగా!" అన్నాను.

మూడో అంతస్తు దాకా దించలేదు.