మా తోడికోడలి తోకచుక్కలు

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఈ మాట ముందే అనేస్తే నాకూ హాయి, మీకూ హాయి. ఆమె అందం చూసి కాదు, నగలు చూసి కాదు. ఆమె పనిచేసే ల్యాబు చూసి.

నేను బాపట్లలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతాను. పురుగుమందులు మనిషి జన్యువుల్ని ఎలా దెబ్బతీస్తాయో పరీక్షించడం నేను ఇష్టపడి నేర్చుకున్న విద్య. బుగ్గ లోపల చెక్క పుల్లతో మెల్లగా గీకి, వచ్చిన కణాలకి రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి వెతకాలి. దెబ్బతిన్న కణంలో పెద్ద కేంద్రకం పక్కన చిన్న చుక్క కనిపిస్తుంది. క్రోమోజోము విరిగి వెనకబడిపోయిన ముక్క అది. ఒక్కో స్లైడు పూర్తయ్యేసరికి నా మెడ పట్టేస్తుంది, కళ్ళు నీళ్ళు కారతాయి.

తోడికోడలు తెనాలి నుంచి రోజూ గుంటూరు వైపు ఒక పరీక్షల ల్యాబుకి వెళ్ళొస్తుంది. కొత్త రసాయనం ఏదైనా బజారుకి రాకముందే అది జన్యువుల్ని పాడుచేస్తుందేమో తేల్చే చోటది. అక్కడ రక్తపు చుక్క ఇస్తే చాలు. కణాల్ని పలచని జిగురు పొరలో పరిచి కరెంటు పెడతారు. తెగిన జన్యుపోగులు బయటికి జారి, కణం తోకచుక్కలా కనిపిస్తుంది. ఆ తోక ఎంత పొడుగో కంప్యూటరే కొలిచి చెబుతుంది. ఈవిడగారు కాఫీ తాగుతూ చూస్తే సరిపోతుంది.

నా గొడవంతా మా ఆయన గురించి. రేపల్లె దగ్గర ఊళ్ళో మా ఇల్లూ, పొలమూ. వరి తర్వాత మినుము. ఆకుల మీద తెల్లదోమ కనపడితే చాలు, పంపు వీపుకి తగిలించుకుని తనే చేలోకి దిగుతాడు. ముక్కుకి గుడ్డ ఉండదు, చేతికి తొడుగు ఉండదు. “గాలికి ఎదురు కొట్టనుగా, నాకేమవుద్దే?” అంటాడు. ఒక్కసారి నోరు తెరవండి, బుగ్గ గీకి చూస్తానని ఎన్నేళ్ళుగా బతిమాలుతున్నానో! చూపిస్తేనైనా భయపడతాడని నా ఆశ. “నీ ప్రయోగాలకి కాలేజీలో కప్పలు లేవా?” అని నవ్వి తోసేసేవాడు.

అలాంటి మనిషి ఒక ఆదివారం తెనాలిలో అత్తయ్యగారింట్లో భోజనాల దగ్గర ఏం చేశాడనుకున్నారు? “బావగారూ, పై నెల మా ల్యాబులో పొలం పని చేసేవాళ్ళ రక్తం పరీక్ష చేస్తున్నామండి, మీరిస్తారా?” అని తోడికోడలు అడిగీ అడగ్గానే, “దానికేం భాగ్యం, తీసుకోమ్మా” అని అక్కడికక్కడే చొక్కా చెయ్యి మడిచాడు. “ఇప్పుడు కాదురా, పై నెలంటగా” అని అత్తయ్య నవ్వింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

రక్తం ఇచ్చి వచ్చాడు. కొన్నాళ్ళకి ఫోనొచ్చింది. తోకలు లేవట. కణాలన్నీ గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయట.

ఎందుకుండవో నాకు తెలుసు. రక్తం ఇస్తానని ఒప్పుకున్న దగ్గర్నుంచి ఈయన పంపు ముట్టుకోలేదు. కూలిమనిషి చేత కొట్టించాడు. పొద్దున్నే కొబ్బరినీళ్ళు, పూటపూటకీ ఆకుకూర. షుగర్ టెస్టుకి ముందు అన్నం మానేసి చపాతీలు తిని, డాక్టరు దగ్గర మార్కులు కొట్టేసే రకం మా వైపు మగాళ్ళు. ఈ తోకలేమో ఒంట్లో తెగిన పోగులు అతుక్కోగానే మాసిపోతాయి. అంత ఖరీదైన మెషీను మా ఆయన చేతిలో బోల్తా పడిందని నాకు లోపల్లోపల పండగే అయింది.

ఆ పండగ ఒక్క పూటే. మర్నాడు పంపు మళ్ళీ వీపుకెక్కింది. “ల్యాబువాళ్ళే బాగుందన్నారు, ఇంక నీ గోలేంటి?” అని మొహానికేమీ కట్టుకోకుండా వెళ్ళిపోయాడు. నేను వద్దన్న పనికి ఇప్పుడాయనకి సర్టిఫికెట్ కూడా దొరికింది.

అభిమానం చంపుకుని తోడికోడలికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“అయ్యో, ముందే అడగాల్సింది నేనే అక్కా. నీ బుగ్గ పరీక్ష చెయ్యి. వారాల కిందట తగిలిన దెబ్బ కూడా అందులో కనపడుద్ది. మేమైనా రెండూ కలిపి చూస్తేగానీ గట్టిగా చెప్పం.”

ఆ సంగతి నాకు తెలియదా? తెలిసిన పాఠమే ఆమె నోట వింటుంటే ఒళ్ళు మండింది. ఆయన నోరు తెరవడమ్మా అన్నాను. “బావగారికి ఫోన్ ఇవ్వక్కా” అంది. “సరేనమ్మా, అలాగేనమ్మా” అని రెండు ముక్కలు మాట్లాడి, మా ఆయన బుద్ధిగా కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. నా చెయ్యి కాస్త గట్టిగానే పడింది. అబ్బా అన్నాడు.

పోల్చి చూడటానికి నా బుగ్గ కూడా గీకి, రెండు స్లైడులూ బాపట్ల తీసుకెళ్ళాను. ఇద్దరిదీ ఒకే వంట, ఒకే నీళ్ళు. ఆయనకి చుట్టా లేదు, కిళ్ళీ లేదు. నా స్లైడులో చిన్న చుక్క కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆయన దాంట్లో వెతక్కుండానే ఒకటి, పక్కకి జరిపితే ఇంకొకటి. ఒక్క స్లైడు చూసి రోగమని తేల్చకూడదని పిల్లలకి చెప్పేదాన్ని నేనే. ఆ మధ్యాహ్నం ఆ మాట నాకు ధైర్యమివ్వలేదు. భయపడ్డాను. ఏడ్చాను కూడా.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. నెమ్మదిగా విన్నాడు. విని, “మరి ఆ అమ్మాయేమంది?” అన్నాడు.

మైక్రోస్కోపు మీద ఫోన్ పెట్టి తీసిన ఫొటోలు ఆమెకి పంపాను. ఆమె ఫోన్ చేసి నేను చెప్పిన మాటలే చెప్పింది. “ఇది రోగం కాదండి బావగారూ, దెబ్బ. ఇప్పట్నుంచి మందు ఒంటికి తగలనివ్వకపోతే కొత్త కణాలు బాగానే వస్తాయండి.” మర్నాడు రేపల్లె వెళ్ళి మాస్కులూ చేతి తొడుగులూ కొనుక్కొచ్చాడు, తనకొక జత, కూలిమనిషికొక జత. ఇప్పుడవి లేకుండా చేలో అడుగు పెట్టడు.

“మా మరదలు మైక్రోస్కోపులో చూసి చెప్పబట్టి తెలిసింది గానీ” అని కనపడినవాళ్ళందరికీ చెబుతున్నాడు. మొన్న నా ముందే, మా కాలేజీవాళ్ళకే చెప్పాడు. ఆయన బాగుండాలనే ఇన్నేళ్ళూ కోరుకున్నాను, బాగుంటాడు. అదేదో నా మాట విని బాగుంటే ఆయన సొమ్మేం పోయేది?