పెద్దమ్మ చెప్పిన రెండో సాక్ష్యం

మా పెద్దమ్మ పోయిన కబురు మూడు వారాల క్రితం, ఒక మంగళవారం ఉదయం తెలిసింది. ఆమె కోడలు ఫోన్ చేసి, "వదినా, అత్తయ్య లేవడం లేదు, ఒకసారి వస్తావా" అంది. గుణదలలో మా రెండిళ్ళకూ మధ్య రెండు వీధులే. నేను వెళ్ళేసరికి ఆమె మంచం మీద పక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని ఉంది. వీధి తలుపు ఎప్పటిలాగే బార్లా తెరిచి ఉంది.

ఆమె తలుపు వేసుకుని పడుకోగా నేను చూడలేదు. గడియ చప్పుడు వింటే ఒళ్ళు బిగుసుకుపోయేది. దొంగలు పడతారని కొడుకులు కోప్పడితే, "పడనీ. ఎత్తుకుపోవడానికి ఈ కొంపలో ఏముంది, నేను తప్ప? రెండిళ్ళు దాటేసరికి వాడే దింపేస్తాడు" అనేది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అయిదో తరగతి దాకా చదువుకుంది. పెదనాన్న పోయాక ఇళ్ళల్లో పనికి గల్ఫ్ వెళ్ళి ఆరేళ్ళు సౌదీలో, అయిదేళ్ళు కువైట్‌లో ఉంది. ఆ రెండు దేశాలూ పక్కపక్కనే ఉంటాయని మాకు చెప్పింది ఆమే. "మన కృష్ణా జిల్లా, గుంటూరు జిల్లా లాగే. మధ్యలో ఏరుకి బదులు ఇసక" అనేది. ఆమె ఆ రెండింటినీ పోల్చి చెబుతుంటే మా వీధిలో డిగ్రీ చదివినవాళ్ళు కూడా కూర్చుని వినేవాళ్ళు.

మా చర్చి సంఘంలో ఒక అలవాటు ఉంది. దూరదేశం వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చినవాళ్ళు ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెబుతారు. దేవుడు తమకు చేసిన మేలు చెప్పి స్తోత్రం చెల్లిస్తారు. పడ్డ బాధలు చెప్పరు. చెబితే దేవుడి మీద సణిగినట్టు అవుతుందని అందరి మనసులోనూ ఉంటుంది. ఆ పద్ధతి తప్పని నాకు చాలాకాలం తోచలేదు.

పెద్దమ్మ తిరిగి వచ్చిన ఆదివారం నేను, మా చెల్లెలు రెండో వరసలో చాప మీద కూర్చుని ఉన్నాం.

"సౌదీలో దొంగభయం లేదండి" అని మొదలుపెట్టింది పెద్దమ్మ. "నమాజు వేళకి బంగారం కొట్టువాడు బల్ల మీద ఒక గుడ్డ కప్పి వెళ్ళిపోతాడు. తిరిగొచ్చేదాకా ఒక్కడు ముట్టుకోడు. మన బీసెంట్ రోడ్డులో అలా కప్పితే ముందు గుడ్డ పోద్ది."

అందరూ నవ్వారు.

"కువైట్‌లో అంత లేదు. బస్సులో నా పర్సు కొట్టేశారు. కానీ శుక్రవారం చర్చికి పంపేవాళ్ళు, తెలుగు పాటలు పాడుకునేవాళ్ళం. సౌదీలో చర్చి లేదండి. బాత్‌రూములో కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ప్రార్థన చేసుకున్నాను. దేవుడు ఆ చప్పుడులో కూడా విన్నాడు. రెండు చోట్లా మందు షాపు మాత్రం లేదు."

ఆ చివరి మాటకు మా చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ వారం దాని మొగుడు తాగి వచ్చి కొట్టిన దెబ్బ చెవి కింద ఇంకా నల్లగా కమిలి ఉంది. ముసుగు ముందుకు లాక్కుని కూర్చుంది.

ఆరాధన అయ్యాక పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అక్కడ మగాళ్ళు తాగరా పెద్దమ్మా?"

"తాగడానికి దొరకాలిగా, పిచ్చిమొహమా."

"అయితే కొట్టరు."

పెద్దమ్మ నోరు తెరిచింది. ఈలోగా పాస్టరు అయ్యగారి భార్య వచ్చి టీ గ్లాసు చేతిలో పెట్టి క్షేమసమాచారాలు అడిగింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

చెల్లెలు సౌదీనే కోరుకుంది. నేను వద్దనలేదు. తాగుడు లేని చోటు, దొంగలు లేని చోటు, ఇంకేం కావాలి అనుకున్నాను. దాని కూతుర్ని నేను పెంచుతానని మాట ఇచ్చి, ప్రార్థన చేసి పంపాను.

దానికి పని కుదిర్చిన ఏజెంటు మనవైపువాడే, తెలుగువాడు. దానితో మాట్లాడాలంటే అతను కూడా ఫోన్‌లో ఉండేవాడు. మూడు నిమిషాలు మాట్లాడనిచ్చి, "ఇంక చాలమ్మా, పని టైము" అనేవాడు. చెల్లెలు ప్రతిసారీ బాగున్నానని ఒక్క మాటే చెప్పేది. ఏడో నెలలో ఒకసారి మాత్రం, "అమ్మ ఎలా ఉందక్కా? కాళ్ళనొప్పులు తగ్గాయా?" అని అడిగింది.

మా అమ్మ అప్పటికి రెండేళ్ళ క్రితమే పోయింది. ఆఖరి స్నానం చేయించింది ఈ చెల్లెలే.

"అదేంటే, అమ్మ లేదు కదా. మర్చిపోయావా? జ్వరమేమన్నా వచ్చిందా?" అన్నాను.

"అవునక్కా, మర్చిపోయాను" అంది. ఫోన్ పెట్టేశారు. ఆ సాయంత్రం దాని జ్వరం తగ్గాలని మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను.

ఆ ఫోన్ తర్వాత పన్నెండో రోజున, మూడో అంతస్తు బాత్‌రూము కిటికీ నుంచి కింద పడి చనిపోయిందని కబురు వచ్చింది. పెట్టె రావడానికి నలభై రోజులు పట్టింది. దానితో వచ్చిన కాగితంలో ప్రమాదం అని రాసి ఉంది. ఎవరి మీదా కేసు లేదు.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం ఆ ఫోన్ సంగతి పెద్దమ్మకు చెప్పాను.

"అది మర్చిపోలేదే" అంది. "నీకు చెప్పింది."

"ఏం చెప్పింది?"

"ఆ ఏజెంటు ఫోన్‌లోనే ఉండి వింటుంటే ఇంకెలా చెబుద్ది? మీ అమ్మ లేదన్న సంగతి వాడికి తెలీదు, నీకు తెలుసు. నీకర్థమవుద్దనుకుంది."

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు మాత్రం అన్నాను. "నీ సాక్ష్యం విని వెళ్ళింది పెద్దమ్మా. నువ్వే పంపావు." ఆమె కాదనలేదు. నా ఫోన్ మాట ఎత్తి తిరిగి నన్ను అనలేదు.

తర్వాతి ఆదివారం ఆరాధన ముగిసే ముందు పెద్దమ్మ లేచింది. ఓదార్పు ప్రార్థన అడుగుతుందనుకున్నాం.

"మొదటిసారి నేను అబద్ధం చెప్పలేదండి. సగం చెప్పాను" అంది. "సౌదీలో దొంగలు లేరన్నాను, లేరు. కానీ ఆరేళ్ళూ నా గది తాళం బయట ఉంది. నా పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది. ఆ ఇంటి ముసలమ్మ దేవత. తన పళ్ళెంలోనే నాకూ పెట్టింది. ఆవిడ పోయాక కొడుకు నా గదికి రావడం మొదలుపెట్టాడు. వాషింగ్ మిషను తలుపుకి అడ్డంగా జరిపి నిద్రపోయేదాన్ని. జరపలేని రోజులు కూడా ఉన్నాయి."

ఆమె పెద్దకొడుకు లేచి బయటికి వెళ్ళిపోయాడు. మా వెనక ఎవరో, "మందిరంలో చెప్పే మాటలా ఇవి" అన్నారు. అయ్యగారు మృదువుగానే, "చాలు సిస్టర్" అన్నారు.

"ఇంకొంచెం ఉందండి, ముందుసారి మిగిల్చింది" అంది పెద్దమ్మ. "కువైట్‌లో నా పర్సు పోయింది. పోతే పోలీసు దగ్గరికి నా కాళ్ళతో నేను నడిచి వెళ్ళాను. సౌదీలో ఆరేళ్ళు నాకేం జరిగినా వెళ్ళడానికి గుమ్మం లేదు. గుమ్మం దాటి చెప్పుకుంటేనే కదండీ అది నేరమయ్యేది. మా పిల్ల చచ్చిపోతే ఏ నేరమూ జరగలేదని కాగితం ఇచ్చారు. నేరాలు లేని దేశమన్నట్టు నేను మీకు చెప్పిన మాట అలా నిజమైంది."

కూర్చోబోయి మళ్ళీ నిలబడింది. "అది ఇక్కడున్నా దెబ్బలు తినేది. చెవి కింద మచ్చ మీరందరూ చూశారు, నేనూ చూశాను. ఇక్కడ మాత్రం దాన్ని ఎవరం నేరమన్నాం?"

ఆమె ఎవరి వైపూ వేలు చూపించలేదు. కానీ తల ఎత్తినవాళ్ళు లేరు.

కొడుకులు సంవత్సరం పాటు ఆమెతో మాట్లాడలేదు. నీళ్ళ ట్యాంకరు దగ్గర ఒకామె, "ఈ వయసులో చెప్పుకోవాల్సిన గొప్పేనా?" అని ఎత్తిపొడిచింది. "గొప్ప కాదమ్మా, అడ్రసు. మీ అమ్మాయి ఎక్కడికి వెళ్ళకూడదో చెబుతున్నా" అంది పెద్దమ్మ, బిందె చంకన పెట్టుకుంటూ.

ఆ తర్వాత ఆమె దగ్గరికి ఆడవాళ్ళు రావడం మొదలైంది. వీసా వచ్చినవాళ్ళు ఇబ్రహీంపట్నం నుంచి, మైలవరం నుంచి అడ్రసు కనుక్కుని వచ్చేవాళ్ళు. పాలు లేని టీ కాచి ఇచ్చి, మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకునేది.

"సౌదీ మంచిదా ఆంటీ, కువైట్ మంచిదా?"

"ఆ దేశంలో నువ్వుండవమ్మా. ఒక ఇంట్లో ఉంటావు. కువైట్‌లో తాళం బయటున్న ఇళ్ళు చూశాను. సౌదీలో మా గుంటూరు స్నేహితురాలు పుట్టింట్లో ఉన్నట్టే ఉంది. ముందు ఆ ఇంట్లో చేసి వచ్చిన మనిషిని వెతుక్కుని మాట్లాడు."

వెళ్ళొద్దని ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ ఏముందని వెళ్ళొద్దంటాను అనేది. వెళ్ళేవాళ్ళందరికీ ఒకటి మాత్రం నేర్పేది. "మీ ఇంట్లో పోయినవాళ్ళు ఎవరు? కష్టం వస్తే ఫోన్‌లో వాళ్ళ క్షేమం అడుగు. మీవాళ్ళకి ఇప్పుడే చెప్పి వెళ్ళు. అడిగితే సరిదిద్దొద్దని, బాగున్నారని చెప్పి వెంటనే నా దగ్గరికి రమ్మని చెప్పు."

సరిదిద్దొద్దు అన్నప్పుడు నా వైపు చూసేది కాదు.

ఇబ్రహీంపట్నం ఆమె ఒకతె వెళ్ళిన మూడో నెలలో, పోయిన మామగారికి దగ్గు తగ్గిందా అని అడిగింది. ఆమె తల్లి పరుగున వచ్చింది. పెద్దమ్మ ఆమెను వెంటబెట్టుకుని వారం వారం కలెక్టరాఫీసుకు అర్జీ పట్టుకుని వెళ్ళింది. ఆ మనిషి నీకేమవుతుందమ్మా అని గుమాస్తా అడిగితే, "ఏమీ కాదు బాబూ. మా ఇంట్లో అయితే ఆలస్యంగా వచ్చాను, ఇక్కడికి ముందే వచ్చాను" అంది. అయిదు నెలలకు ఆ మనిషి ప్రాణాలతో తిరిగి వచ్చింది. అందరికీ అలా జరగలేదు. ఇద్దరి సంగతి ఇప్పటికీ తెలియదు.

రెండో సాక్ష్యంలో పెద్దమ్మ తన సిగ్గు అంతా చెప్పుకుంది. నా ఫోన్ సంగతి మాత్రం చెప్పలేదు. బతికి ఉన్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెల్లెలి చావు బరువంతా తన మీదే వేసుకుని, నన్ను దాని కూతురి ముందు తలెత్తుకుని బతకనిచ్చింది. ఆమెకు నేను చేయగలిగింది నా సగం కూడా చెప్పడమే. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పిల్లకు నిన్న చదివి వినిపించాను. వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది.

పోయిన గురువారం పాతికేళ్ళ అమ్మాయి ఒకతె పెద్దమ్మను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. శనివారం కువైట్ ప్రయాణం. ఆమె పోయిందని చెప్పి, ఆమె కాచినట్టే టీ కాచి ఇచ్చి, నాకు తెలిసినంత చెప్పాను.

"మా ఇంట్లో ఎవరూ పోలేదక్కా" అంది ఆ అమ్మాయి, కొంచెం బెరుగ్గా. "అమ్మమ్మ, తాతయ్య కూడా ఉన్నారు. ఎవర్ని అడగను?"

"మా పెద్దమ్మను అడుగు" అన్నాను. నా నంబరు రాసిచ్చాను.

ఆ అమ్మాయి వెళ్ళి చేరింది. నిన్న మొదటిసారి ఫోన్ చేసింది. అక్కడ ఎండల గురించి, వాళ్ళ వంటింటి గురించి చెప్పింది. నేను ఫోన్ చెవికి ఆనించుకుని, మా పెద్దమ్మ ఎలా ఉందని మాత్రం ఆ అమ్మాయి అడగకూడదని ప్రార్థన చేసుకుంటూ విన్నాను.